రసాయన సమతాస్థితి: తరచుగా అడిగే ప్రశ్నలు

జూనియర్ ఇంటర్ కెమిస్ట్రీలో చాలామందికి టెన్షన్ పుట్టించే పాఠం ఇది. నిజానికి లెక్కలు అంత కష్టమైనవేం కావు. మొదట్లో మనసులో పడిన రెండు మూడు అపోహలు చివరిదాకా వెంటాడుతాయి, అదే చిక్కు. పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు తీసుకుని ఇక్కడ జవాబులు రాశాను. ఫార్ములాలను అక్షరాల్లో కాకుండా పదార్థాల పేర్లతోనే ఇచ్చాను.

ద్విగత చర్య అంటే ఏమిటి?

ముందుకూ వెనక్కూ రెండు వైపులా నడిచే చర్య. హైడ్రోజన్ వాయువునూ అయొడిన్ ఆవిరినీ ఒక గాజు బల్బులో మూసి 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే హైడ్రోజన్ అయొడైడ్ తయారవుతుంది. అయొడిన్ ఆవిరికి ఊదారంగు ఉంటుంది, మిగతా రెంటికీ రంగు లేదు. కాబట్టి ఊదారంగు క్రమంగా పలచబడుతుంది. కానీ పూర్తిగా పోదు, ఒకచోట నిలిచిపోతుంది.

ఇప్పుడు ఇంకో బల్బులో రంగులేని హైడ్రోజన్ అయొడైడ్‌ని మాత్రమే నింపి అదే ఉష్ణోగ్రతలో ఉంచండి. అందులో ఊదారంగు కొత్తగా పుట్టుకొస్తుంది. రెండు బల్బుల్లోనూ హైడ్రోజన్, అయొడిన్ పరమాణువులు అంతే సంఖ్యలో ఉంటే చివరికి రెండూ ఒకే రంగు దగ్గర ఆగుతాయి. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాక్స్ బోడెన్‌స్టైన్ 1890లలో ఈ చర్యను రెండు వైపుల నుంచీ ఓపిగ్గా కొలిచాడు. ఎటునుంచి మొదలుపెట్టినా చేరే చోటు ఒకటే కావడం సమతాస్థితికి అసలైన గుర్తు.

హైడ్రోజన్ + అయొడిన్ ⇌ 2 హైడ్రోజన్ అయొడైడ్

ఎడమ నుంచి కుడికి నడిచేది పురోగామి చర్య, కుడి నుంచి ఎడమకు నడిచేది తిరోగామి చర్య.

అన్ని చర్యలూ ద్విగతమేనా?

సూత్రం ప్రకారం అవును. ఆచరణలో కాదు. కట్టె కాలి బూడిదైతే ఆ బూడిదా పొగా కలిసి మళ్ళీ కట్టె కావు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీళ్ళు పోస్తే పడే తెల్లటి అవక్షేపం కూడా దాదాపు ఒకవైపు చర్యే. అక్కడ వెనక్కి వెళ్ళేది మరీ స్వల్పం కాబట్టి ఏకగత చర్య అని రాసేస్తాం.

సమతాస్థితి వచ్చాక చర్య ఆగిపోయినట్టేనా?

కాదు. పైకి ఏ మార్పూ కనబడదు, లోపల రెండు చర్యలూ నడుస్తూనే ఉంటాయి. రెంటి వేగాలూ సమానం కాబట్టి ఎంత తయారవుతోందో అంతే విడిపోతోంది. సిటీ బస్సులో ప్రతి స్టాపులో ఎంతమంది దిగితే అంతమంది ఎక్కితే బస్సులో జనం సంఖ్య మారదు, మనుషులు మాత్రం మారిపోతుంటారు. ఇదీ అంతే.

దీనికి ప్రయోగపూర్వకమైన రుజువు ఉంది. నైట్రోజన్, హైడ్రోజన్, అమ్మోనియా సమతాస్థితిలో ఉన్న మిశ్రమాన్నీ, హైడ్రోజన్‌కి బదులు డ్యుటీరియం (హైడ్రోజన్‌లోనే బరువైన రకం) వాడి అవే పరిస్థితుల్లో తయారుచేసిన మిశ్రమాన్నీ కలిపి కొంతసేపు వదిలేస్తారు. మొత్తం అమ్మోనియా పరిమాణం మారదు. అణువులను పరీక్షిస్తే మాత్రం ఒక డ్యుటీరియం ఉన్నవి, రెండు ఉన్నవి, మూడూ డ్యుటీరియమే అయినవి, ఇలా అన్ని రకాల అమ్మోనియా దొరుకుతుంది. చర్యలు నిజంగా ఆగిపోయి ఉంటే ఈ కలగాపులగం జరిగేది కాదు. అందుకే దీన్ని గతిక సమతాస్థితి అంటారు.

అంటే రెండు వైపులా పదార్థాలు సమానంగా ఉంటాయా?

ఈ పాఠంలో అన్నిటికంటే మొండి అపోహ ఇదే. సమానమయ్యేవి వేగాలు, పరిమాణాలు కావు.

పై చర్యకే 450 డిగ్రీల ప్రాంతంలో సమతాస్థితి స్థిరాంకం (సమతాస్థితిలో ఉన్న గాఢతల నిష్పత్తి, రాసే పద్ధతి కింద ఉంది) సుమారు 50. లెక్క సులువుగా రావడానికి 49 అనుకుందాం. ఒక లీటరు పాత్రలో ఒక మోల్ హైడ్రోజన్, ఒక మోల్ అయొడిన్ వేస్తే చివరికి ఒక్కొక్కటీ 2/9 మోల్ మిగులుతుంది, హైడ్రోజన్ అయొడైడ్ 14/9 మోల్ ఉంటుంది. సరిచూసుకోండి: 14/9ని 2/9తో భాగిస్తే 7, దాని వర్గం 49. అంటే ఒకపక్క 0.22, ఇంకోపక్క 1.56. సమానానికి దరిదాపుల్లో కూడా లేవు, అయినా అది నిఖార్సయిన సమతాస్థితి.

ఇంకా ఎక్కువసేపు వదిలేస్తే మిగిలినది కూడా అయిపోదా?

అవదు. ఈ సందేహం విద్యార్థులకే కాదు, 19వ శతాబ్దపు ఇనుము తయారీదారులకూ వచ్చింది. బ్లాస్ట్ ఫర్నేసులో కార్బన్ మోనాక్సైడ్ ఐరన్ ఆక్సైడ్‌తో చర్య జరిపి ఇనుమునిస్తుంది. కానీ ఫర్నేసు పైనుంచి బయటికిపోయే వాయువుల్లో బోలెడంత కార్బన్ మోనాక్సైడ్ మిగిలే ఉండేది. దానికి ఖనిజంతో కలిసి ఉండే టైమ్ చాలడం లేదనుకున్నారు. ఇంగ్లండ్‌లో 30 మీటర్ల ఎత్తున ఫర్నేసులు కట్టారు. డబ్బు ఖర్చయింది, కార్బన్ మోనాక్సైడ్ వాటా మాత్రం తగ్గలేదు. ఐరన్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్‌ల చర్య ద్విగతం, దానికో హద్దు ఉంది. ఎత్తు పెంచినంత మాత్రాన ఆ హద్దు జరగదు. ఈ ఉదంతాన్ని ఎత్తిచూపినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ లీషాట్లియరే.

ఈ ఆలోచన మొదట ఎవరికి వచ్చింది?

1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు వెంటబెట్టుకెళ్ళిన శాస్త్రవేత్తల్లో క్లాడ్ బెర్తోలే ఒకడు. అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున చాకలిసోడా, అంటే సోడియం కార్బొనేట్, పేరుకుని ఉండటం చూశాడు. లాబ్‌లో సోడియం కార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు కలిపితే ఉప్పూ, కాల్షియం కార్బొనేట్ అవక్షేపమూ వస్తాయి. సరస్సులో అది తలకిందులుగా జరుగుతోంది. ఉప్పు విపరీతంగా ఉంది, చుట్టూ సున్నపురాయి ఉంది, అందుకే చర్య వెనక్కి నడిచిందని ఆయన పసిగట్టాడు. చర్య ఎటు నడవాలో పదార్థాల స్వభావం ఒక్కటే నిర్ణయించదని, వాటి పరిమాణం కూడా నిర్ణయిస్తుందని చెప్పడం ఆ రోజుల్లో సాహసమే.

దీన్ని లెక్కల్లో పెట్టినవాళ్ళు నార్వేకి చెందిన గుల్డ్‌బర్గ్, వాగె. వాళ్ళిద్దరూ బంధువులు కూడా, బావమరుదులు. 1864లో ద్రవ్యరాశి క్రియా నియమాన్ని ప్రకటించారు. నార్వేజియన్‌లో అచ్చయింది కాబట్టి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత 1884లో డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్, లీషాట్లియర్ ఇద్దరూ తమ తమ సూత్రాలు ప్రకటించారు. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, వాంట్ హాఫ్‌కే దక్కింది.

సమతాస్థితి స్థిరాంకం ఎలా రాయాలి?

పైన క్రియాజన్యాల (తయారయ్యేవాటి) గాఢతల లబ్ధం, కింద క్రియాజనకాల (మొదట కలిపేవాటి) గాఢతల లబ్ధం. సమీకరణంలో పదార్థం ముందున్న అంకె దాని గాఢత నెత్తిన ఘాతంగా కూర్చుంటుంది.

కె = [హైడ్రోజన్ అయొడైడ్]² ÷ ([హైడ్రోజన్] × [అయొడిన్])

ఇందులో వేయాల్సినవి సమతాస్థితి దగ్గరి గాఢతలు, మొదట్లో వేసినవి కావు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. చర్యను తిరగేసి రాస్తే స్థిరాంకం విలోమం అవుతుంది, 50 కాస్తా 1/50. సమీకరణాన్ని సగం చేసి రాస్తే వర్గమూలం తీసుకోవాలి. కాబట్టి సమీకరణం రాయకుండా స్థిరాంకం విలువ మాత్రం చెప్తే దానికి అర్థం లేదు.

గాఢతలతో రాసింది కెసి, వాయువుల పాక్షిక పీడనాలతో (మొత్తం పీడనంలో ఒక్కో వాయువు వాటాతో) రాసింది కెపి. రెండు వైపులా వాయువుల మోల్‌ల సంఖ్య సమానమైతే, హైడ్రోజన్ అయొడైడ్ విషయంలో లాగా, రెండూ ఒకటే.

స్థిరాంకం పెద్దదైతే చర్య త్వరగా జరుగుతుందా?

సంబంధం లేదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీటి ఆవిరి అయ్యే చర్యకు (2 మోల్‌ల హైడ్రోజన్‌కి) 25 డిగ్రీల దగ్గర స్థిరాంకం ఒకటి పక్కన దాదాపు 80 సున్నాలంత ఉంటుంది. అయినా ఆ రెండు వాయువులనూ సీసాలో కలిపి ఏళ్ళ తరబడి ఉంచినా నిప్పురవ్వ తగలకపోతే ఏమీ జరగదు. ఎంతదూరం వెళ్తుందో స్థిరాంకం చెప్తుంది. ఎప్పటికి వెళ్తుందో చెప్పదు.

ఘనపదార్థాలను స్థిరాంకంలో ఎందుకు రాయరు? పాత్ర మూసే ఉండాలా?

రెండు ప్రశ్నలకూ సున్నపు బట్టీ ఒక్కటే జవాబు చెప్తుంది. పల్నాడులో పిడుగురాళ్ళ వైపు వెళ్ళినవాళ్ళకి వీటి సంగతి తెలిసే ఉంటుంది. సున్నపురాయిని బొగ్గుతో కాల్చితే రాతిసున్నం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి.

కాల్షియం కార్బొనేట్ ⇌ కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

ఘనపదార్థం గాఢత అంటే ఒక లీటరు ఘనంలో ఉన్న మోల్‌లు. అది దాని సాంద్రతను బట్టి ఉంటుంది. కిలో రాయి ఉన్నా టన్ను రాయి ఉన్నా మారదు. మారనిదాన్ని స్థిరాంకంలోనే కలిపేస్తాం. ఇక మిగిలేది కార్బన్ డయాక్సైడ్ పీడనం ఒక్కటే: కెపి అంటే ఆ పీడనమే. సుమారు 900 డిగ్రీల దగ్గర అది ఒక అట్మాస్ఫియర్.

మూసిన పాత్రలో అదే ఉష్ణోగ్రతలో రాయిని కాల్చితే పీడనం ఆ విలువకు చేరగానే సమతాస్థితి వస్తుంది, రాయి ఎక్కువగా ఉంటే ఇక అది తరగదు. బట్టీలో అలా కాదు. కింద నుంచి గాలి వస్తూ కార్బన్ డయాక్సైడ్‌ని పైకి తోసేస్తుంటుంది. పీడనం ఆ విలువకు ఎప్పటికీ చేరదు. చేరాలని చర్య ముందుకు పోతూనే ఉంటుంది, చివరికి రాయంతా సున్నమవుతుంది. గాలి సరిగ్గా ఆడని బట్టీలో లోపలి రాయి పచ్చిగానే మిగలడానికి ఒక కారణం ఇది. వేడి అందకపోవడం ఇంకో కారణం.

క్యూ అంటే ఏమిటి? అది ఎందుకు?

స్థిరాంకం రాసే పద్ధతిలోనే, ఇప్పుడు పాత్రలో ఉన్న గాఢతలను వేస్తే వచ్చే విలువ క్యూ. దీన్ని చర్యా భాగఫలం అంటారు. కె కంటే క్యూ తక్కువైతే చర్య ముందుకు, ఎక్కువైతే వెనక్కి, సమానమైతే సమతాస్థితి. నన్నడిగితే ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్క పోలికే. లీషాట్లియర్ నియమం తడబడిన చోట కూడా ఇది తడబడదు.

మరి లీషాట్లియర్ నియమం?

సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ మీద ఏదైనా మార్పు తెస్తే, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశగా సమతాస్థితి కదులుతుంది. వాక్యం చక్కగానే ఉంది. కానీ బట్టీ పట్టినవాళ్ళు తగ్గించడాన్ని పూర్తిగా రద్దు చేయడంగా అర్థం చేసుకుంటారు. ఒక సిరంజి ఉదాహరణ చూడండి.

నైట్రోజన్ డయాక్సైడ్ గోధుమరంగు వాయువు. దాని రెండు అణువులు కలిస్తే రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అవుతుంది. 25 డిగ్రీల్లో, ఒక అట్మాస్ఫియర్ మొత్తం పీడనంలో ఈ మిశ్రమం సిరంజిలో ఉందనుకోండి. గోధుమ వాయువు పీడనం 0.32, రంగులేనిది 0.68. (ఇది విషవాయువు, ఇంట్లో ప్రయత్నించొద్దు.) పిస్టన్‌ని నొక్కి ఘనపరిమాణం సగం చేస్తే రంగు పలచబడుతుందా, చిక్కబడుతుందా?

పలచబడుతుందని క్లాసులో చాలామంది అంటారు. పీడనం పెరిగింది, అణువులు తక్కువున్న వైపు జరుగుతుంది, అది రంగులేని వైపు అన్నది వాళ్ళ వాదన. జరిగేది ఇది. నొక్కిన క్షణంలో రెంటి పీడనాలూ రెట్టింపై 0.64, 1.36 అవుతాయి, పక్కనుంచి చూస్తే రంగు ఒక్కసారిగా చిక్కబడుతుంది. టెట్రాక్సైడ్ విడిపోయే చర్యగా రాస్తే కె విలువ 0.15, ఇప్పుడు క్యూ విలువ 0.64 × 0.64 ÷ 1.36, అంటే 0.30. కె కంటే రెట్టింపు, కాబట్టి చర్య వెనక్కి నడుస్తుంది, గోధుమ వాయువు తగ్గుతుంది, రంగు కొంచెం పలచబడుతుంది. ఉష్ణోగ్రత మారలేదనుకుంటే గోధుమ వాయువు పీడనం 0.47 దగ్గర ఆగుతుంది. 0.64 నుంచి తగ్గింది, నిజమే. మొదటి 0.32 కంటే మాత్రం ఇంకా ఎక్కువే. అంటే చివరి రంగు మొదటి రంగు కంటే చిక్కనే. వ్యవస్థ మార్పును కొంత తగ్గించింది, తుడిచేయలేదు.

గాఢత మారిస్తే ఏమవుతుంది?

లాబ్‌లో చూడాలంటే ఫెర్రిక్ నైట్రేట్ ద్రావణంలో పొటాషియం థయోసయనేట్ చుక్కలు వేయండి, నెత్తుటి ఎరుపు వస్తుంది. ఇంకాస్త థయోసయనేట్ వేస్తే ఎరుపు ముదురుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం కలిపితే అది ఫెర్రిక్ అయాన్లను పట్టేసుకుంటుంది, ఎరుపు వెలుస్తుంది. క్యూ ఎటు మారిందో చూసుకుంటే చాలు. కె మారదు.

ఉష్ణోగ్రత మారిస్తే?

ఇక్కడ కథ వేరు, స్థిరాంకమే మారిపోతుంది. గాఢత, పీడనం మార్చినప్పుడు క్యూ మారుతుంది, ఉష్ణోగ్రత మార్చినప్పుడు కె మారుతుంది. ఉష్ణగ్రాహక (వేడిని పీల్చుకునే) చర్యకు వేడి పెంచితే కె పెరుగుతుంది, ఉష్ణమోచక (వేడిని విడుదల చేసే) చర్యకు తగ్గుతుంది. పైన చెప్పిన గోధుమ వాయువునే రెండు గాజు గొట్టాల్లో మూసి, ఒకటి ఐసునీళ్ళలో, ఇంకొకటి వేడినీళ్ళలో పెడితే మొదటిది పాలిపోతుంది, రెండోది ముదురు గోధుమ అవుతుంది. గొట్టాలు మార్చి పెడితే రంగులూ మారతాయి.

ఉత్ప్రేరకం వేస్తే క్రియాజన్యం ఎక్కువ వస్తుందా?

రాదు. రెండు వైపుల చర్యలనూ సమానంగా వేగపరుస్తుంది కాబట్టి సమతాస్థితి త్వరగా వస్తుంది, అంతే.

జడవాయువు కలిపితే?

జడవాయువు అంటే చర్యలో పాల్గొననిది. పాత్ర ఘనపరిమాణం మారకపోతే ఏమీ కాదు. మొత్తం పీడనం పెరుగుతుంది గానీ చర్యలోని వాయువుల పాక్షిక పీడనాలు మారవు. మొత్తం పీడనాన్ని స్థిరంగా ఉంచితే మాత్రం పాత్ర వ్యాకోచిస్తుంది, వాయువుల మోల్‌లు ఎక్కువున్న వైపు జరుగుతుంది.

ఇక్కడే పట్టుదల ఉన్నవాళ్ళకి ఒక తమాషా. అమ్మోనియా సమతాస్థితిలో, పీడనమూ ఉష్ణోగ్రతా స్థిరంగా ఉంచి, నైట్రోజన్ కలిపారు. ఎటు జరుగుతుంది? నైట్రోజన్‌ని ఖర్చు చేసే వైపు అని నియమం చెప్తున్నట్టు అనిపిస్తుంది. కానీ మిశ్రమంలో అప్పటికే సగానికి మించి నైట్రోజనే ఉంటే, చర్య వెనక్కి నడిచి ఇంకా నైట్రోజన్‌ని పుట్టిస్తుంది. నైట్రోజన్ చేరి పాత్ర వ్యాకోచించినప్పుడు హైడ్రోజన్ పలచబడే దెబ్బ ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే దాని ఘాతం 3. క్యూ రాసి చూడండి, తేలిపోతుంది.

అమ్మోనియా తయారీలో 450 డిగ్రీలే ఎందుకు? తక్కువ ఉష్ణోగ్రత మంచిదని కదా నియమం చెప్తుంది?

నైట్రోజన్ + 3 హైడ్రోజన్ ⇌ 2 అమ్మోనియా, 92 కిలోజౌళ్ళ వేడి విడుదల

ఉష్ణమోచకం కాబట్టి చల్లగా ఉంటే కె ఎక్కువ. 25 డిగ్రీల్లో కెపి లక్షల్లో ఉంటుంది, 400 డిగ్రీలకొచ్చేసరికి 0.0001 ప్రాంతానికి పడిపోతుంది. 200 అట్మాస్ఫియర్ల పీడనంలో, 200 డిగ్రీల దగ్గర మిశ్రమంలో అమ్మోనియా సుమారు 86 శాతం దాకా రావచ్చు. 400 దగ్గర 36, 500 దగ్గర 18 శాతం. మరి 200 డిగ్రీల్లోనే నడపొచ్చుగా? నడపొచ్చు, కానీ సమతాస్థితి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నైట్రోజన్ అణువులోని త్రిబంధం అంత తేలిగ్గా తెగదు, ఇనుము ఉత్ప్రేరకానికి కూడా 400 డిగ్రీలకు పైగా వేడి కావాలి. పీడనం పెంచడం మంచిదే, నాలుగు అణువులు రెండవుతున్నాయి కదా. కానీ ప్రతి అట్మాస్ఫియర్‌కీ ఉక్కు మందం, కంప్రెసర్ కరెంటు ఖర్చవుతాయి.

కాబట్టి రాజీ పడ్డారు. 400 నుంచి 500 డిగ్రీలు, 150 నుంచి 250 అట్మాస్ఫియర్లు. ఒకసారి కన్వర్టర్ (చర్య జరిగే పాత్ర) గుండా పోతే దాదాపు 15 శాతమే అమ్మోనియా అవుతుంది. దాన్ని చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్ళీ కన్వర్టర్‌కే పంపుతారు. సమతాస్థితిని జయించిన అసలు ఉపాయం ఈ తిప్పడమే అంటాను. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

ఈ చర్యను లీషాట్లియర్ స్వయంగా 1901లోనే ప్రయత్నించాడు. పరికరంలో గాలి కలిసి పేలుడు జరగడంతో వదిలేశాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియం ఉత్ప్రేరకంతో బల్ల మీద చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీగా మార్చాడు, జర్మనీలోని ఒప్పావులో 1913లో ఉత్పత్తి మొదలైంది. మన రామగుండంలో 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారానికి రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా చేసే సామర్థ్యం ఉంది. అక్కడ యూరియాగా మారేది ఈ అమ్మోనియానే.

పరిశ్రమల సంగతి సరే, చుట్టుపక్కల ఎక్కడైనా కనిపిస్తుందా?

ఎండాకాలం గుడ్లలో. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, కాబట్టి ఇది మనకు డబ్బు లెక్క కూడా. మే నెలలో గుడ్లు పట్టుకుంటే చిట్లిపోతున్నాయని ఫారాల వాళ్ళు బాధపడటం వినే ఉంటారు. కోడికి చెమట పట్టదు. వేడికి నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది.

కార్బన్ డయాక్సైడ్ + నీరు ⇌ కార్బొనిక్ ఆమ్లం ⇌ హైడ్రోజన్ అయాన్ + బైకార్బొనేట్ ⇌ 2 హైడ్రోజన్ అయాన్లు + కార్బొనేట్

ఎడమ చివర ఉన్నది తగ్గితే ఈ గొలుసంతా ఎడమకు జరుగుతుంది. పెంకులో 95 శాతం దాకా ఉండేది కాల్షియం కార్బొనేట్, దానికి కావాల్సిన కార్బొనేట్ కరువవుతుంది, పెంకు పలచబడుతుంది. ఎండకు మేత తగ్గి కాల్షియం చాలకపోవడం దీనికి తోడు. వేసవిలో దాణాలోనో నీళ్ళలోనో తినే సోడా కలపడం వెనక ఉన్న లెక్క ఇదే, బైకార్బొనేట్‌ని బయటినుంచి అందించడం. అమెరికాలో ఇంకో దారి కూడా చూశారు. కోళ్ళకు చల్లటి సోడా నీళ్ళు తాగించారు, పెంకులు గట్టిపడ్డాయి.